రేడియోగ్రాఫర్ల సంఖ్య ఇరవయ్యేళ్లలో పెరిగిందా, తగ్గిందా? ఏ లెక్క పట్టుకోవాలి?

గోదావరిగట్టు · సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రేడియోగ్రాఫర్ల (ఎక్స్‌రే, స్కాన్ తీసేవారి) కొలువులు 2005 నుంచి ఎలా మారుతూ వచ్చాయో నాలుగు పేజీల నోట్ రాయాలి, జిల్లా సమావేశంలో పంచడానికి. కేంద్రం ఏటా వేసే రూరల్ హెల్త్ స్టాటిస్టిక్స్ పుస్తకంలో సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) రేడియోగ్రాఫర్ల పట్టిక ఉంది కదా, దాన్నే ఆధారం చేసుకుంటున్నా. 2005 గడిలో ఆంధ్రప్రదేశ్ అంకె, తాజా పుస్తకంలో అంకె పక్కపక్కన పెట్టి శాతం కట్టేద్దామనుకున్నా. ఇంకోవైపు డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) కాలేజీలు ఊరూరా వచ్చాయి. రెండూ పొసగడం లేదు. పైగా ఇంగ్లండ్‌లో రేడియోగ్రాఫర్ల కొరత గురించి ఒక పేరా పెట్టమన్నారు. ఎక్కడ తప్పు పోతానో ముందే చెప్పండి.

లెక్కలపద్దు · సోమవారం, ఉదయం 10:05

మొదటి తప్పు అక్కడే ఉందండి. 2005 గడిలో ఉన్నది 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రం. 2014 జూన్ 2 తర్వాత పుస్తకాల్లో ఆంధ్రప్రదేశ్ అంటే మిగిలిన 13 జిల్లాలు. ఆ రెండింటినీ పక్కన పెట్టి "తగ్గింది" అంటే, అన్నదమ్ములు పంచుకున్నాక పెద్దోడి వాటా చూసి పొలం కరిగిపోయిందన్నట్టే. తాజా ఆంధ్రప్రదేశ్, తాజా తెలంగాణ కూడి, ఆ మొత్తాన్ని 2005తో పోల్చాలి. 2022లో 13 జిల్లాలు 26 అయినా, తెలంగాణలో 10 కాస్తా 33 అయినా రాష్ట్ర మొత్తం మారదు గానీ, జిల్లా పట్టిక వేస్తే అక్కడా వరస తెగుతుంది.

రెండోది. ఆ పట్టికలో అయిదు నిలువు వరసలుంటాయి: అవసరం, మంజూరు, పనిలో ఉన్నవారు, ఖాళీ, కొరత. చాలామంది చివరి రెండూ ఒకటే అనుకుంటారు.

ఖాళీ అంటే మంజూరులోంచి పనిలో ఉన్నవారిని తీసేస్తే మిగిలేది. కొరత అంటే అవసరంలోంచి పనిలో ఉన్నవారిని తీసేస్తే మిగిలేది. అవసరం ఎలా వస్తుందంటే సీహెచ్‌సీకి ఒక రేడియోగ్రాఫర్ చొప్పున, అంతే. రోజుకు పది ఎక్స్‌రేలు తీసే చోటుకీ ఒకరే, నూట యాభై తీసే చోటుకీ ఒకరే. ఊహకు ఒక రాష్ట్రం తీసుకోండి: 100 సీహెచ్‌సీలు, 60 పోస్టులు మంజూరు, 55 మంది పనిలో. ఖాళీలు 5, కొరత 45. ప్రభుత్వం ప్రకటనలో 5 చెబుతుంది, యూనియన్ కరపత్రంలో 45 పడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మూడోది దేశం మొత్తం అంకె. ఒక రాష్ట్రంలో అవసరానికి మించి 30 మంది ఉన్నారు, ఇంకో రాష్ట్రంలో 60 మంది తక్కువ అనుకోండి. దేశం గడిలో కొరత 30 అని రాదు, 60 అని వస్తుంది. మిగులును వదిలేసి కొరతలు మాత్రమే కూడతారు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

గోదావరిగట్టు · సోమవారం, ఉదయం 10:31

రెండు రాష్ట్రాలూ కూడాలన్న సంగతి నిజంగా తట్టలేదు. ధన్యవాదాలు సార్. కానీ కూడిన తర్వాత కూడా కాలేజీల నుంచి బయటికొచ్చేవాళ్లకీ ఆ అంకెకీ పొంతన లేదు. మిగతావాళ్లు ఎక్కడున్నట్టు?

సీఆర్‌క్యాసెట్ · సోమవారం, మధ్యాహ్నం 1:40

ఆ పట్టికలో కనిపించని చోట్ల ఉన్నారు. అది సీహెచ్‌సీ పట్టిక మాత్రమే. ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి అందులో లేవు. సీహెచ్‌సీని ఏరియా ఆసుపత్రిగా పెంచారంటే ఆ రేడియోగ్రాఫర్ అదే గదిలో, అదే మిషన్ దగ్గర కూర్చుని ఉన్నా మీ పట్టికలోంచి మాయమవుతారు. అవసరం కూడా ఒకటి తగ్గుతుంది, కాబట్టి కొరతలో తేడా కూడా తెలియదు.

ఇంకో పెద్ద కన్నం పీపీపీ, అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత రోగనిర్ధారణ పథకం 2015లో మొదలయ్యాక చాలా రాష్ట్రాల్లో సీటీ స్కాన్లు, టెలిరేడియాలజీ (దూరం నుంచి ఫిల్ములు చదవడం) ప్రైవేటు ఏజెన్సీలకు ఇచ్చారు. జిల్లా ఆసుపత్రి ఆవరణలో సీటీ గది ఉంటుంది, అందులో ముగ్గురు నలుగురు టెక్నీషియన్లుంటారు, జీతం ఇచ్చేది ఏజెన్సీ. వీళ్లకు మంజూరు పోస్టంటూ ఏదీ లేదు, కాబట్టి ఖాళీ అనే మాటే పుట్టదు. ఒకరు మానేస్తే ఏ ప్రభుత్వ పట్టికలోనూ జాడ ఉండదు. ఇక ప్రైవేటు నర్సింగ్ హోములు, డయాగ్నస్టిక్ సెంటర్ల సంగతి చెప్పేదేముంది.

పాత లెక్కల్లో డార్క్‌రూమ్ అసిస్టెంట్లను కూడా చూడండి. తడి ఫిల్మ్ రోజుల్లో డెవలపర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 5 నిమిషాలు, నీళ్లలో ముంచి తీయడం, ఫిక్సర్ 10 నిమిషాలు, 20 నుంచి 30 నిమిషాలు కడగడం, ఆ పైన ఆరబెట్టడం. అందుకే తీసేవాడొకడు, కడిగేవాడొకడు ఉండేవారు. పారామెడికల్ బోర్డు కోర్సుల్లో కూడా డార్క్‌రూమ్ అసిస్టెంట్ డిప్లొమా విడిగా ఉండేది. సీఆర్ (ఫిల్ము బదులు క్యాసెట్‌ను రీడర్‌లో పెట్టి చూసే పద్ధతి) వచ్చాక ఆ పని పోయింది. మనుషులను తీసేయలేదు గానీ రిటైరైన చోట మళ్లీ నింపలేదు, కొందరు సీఆర్‌ఏ (రేడియాలజికల్ అసిస్టెంట్ సర్టిఫికెట్ కోర్సు) పాసై రేడియోగ్రాఫర్ కేడర్‌లోకి ఎక్కారు. "ఎక్స్‌రే విభాగం సిబ్బంది" అని కలిపి రాసిన పాత రిపోర్టు చూస్తే తగ్గినట్టుంటుంది, రేడియోగ్రాఫర్లను విడిగా చూస్తే పెరిగినట్టుంటుంది. మీరు చూసే పాత కాగితం ఏ రకమో ముందు తేల్చుకోండి.

సందేహాలబుట్ట · సోమవారం, మధ్యాహ్నం 2:02

డీఆర్ (క్యాసెట్ లేకుండా ఫొటో నేరుగా తెర మీదికొచ్చే మిషన్) వచ్చాక ఒక్కడే ఇద్దరి పని చేస్తున్నాడు. అంటే పోస్టులు తగ్గడం న్యాయమే కదా? ఊరికే కొరత కొరత అంటే ఎలా?

షిఫ్ట్‌చార్ట్ · సోమవారం, సాయంత్రం 6:25

నోటి లెక్క వద్దు బాబూ, కాగితం మీద పెట్టి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల విస్న్ పద్ధతి ఇందుకే ఉంది. పడకలను బట్టి, జనాభాను బట్టి కాకుండా పని ఎంతుందో దాన్ని బట్టి మనుషులను లెక్కేస్తుంది.

ముందు ఒక మనిషి ఏడాదికి నిజంగా ఇచ్చే గంటలు. 365 రోజుల్లో వారపు సెలవులు 52, క్యాజువల్ లీవు 15, ఎర్న్‌డ్ లీవు 30, పండగ సెలవులు 15 తీసేయండి. 253 రోజులు. రోజుకు 8 గంటలు, మొత్తం 2,024 గంటలు. మీ దగ్గర సెలవుల సంఖ్య వేరైతే మార్చుకోండి.

తర్వాత పని. ఒక డీఆర్ గదిలో రోజుకు ఇలా అనుకుందాం. ఛాతీ 90 మంది, ఒక్కొక్కరికి 4 నిమిషాలు: 360. చేతులు కాళ్లు 40 మంది, రెండు వ్యూలు, 8 నిమిషాలు: 320. వెన్నెముక 15 మంది, 12 నిమిషాలు: 180. వార్డుల్లో పోర్టబుల్ 10, ఒక్కోదానికి 20 నిమిషాలు: 200. కలిపితే 1,060 నిమిషాలు, అంటే 17.67 గంటలు. నిమిషాలు మీ గదిలో వారం రోజులు గడియారం పెట్టి కొలిచినవై ఉండాలి. పేషెంటు లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి తర్వాతివాడు అడుగుపెట్టే దాకా కొలవాలి. ఎక్స్‌పోజర్ బటన్ నొక్కే సమయం మాత్రమే కొలిస్తే అంతా తప్పుతుంది. చీర కొంగు పిన్నులు, మంగళసూత్రం, తాయెత్తు తీయించడానికే నిమిషం పోతుంది.

రిజిస్టరు, ఫోన్లు, మిషన్ వేడెక్కించడం, రిపీట్లు వీటికి 15 శాతం తీసిపెడదాం. 15 శాతం కూడితే సరిపోదు, 0.85తో భాగించాలి. 17.67ను 0.85తో భాగిస్తే 20.78 గంటలు. ఏడాదికి 300 పనిరోజులు: 6,235 గంటలు. 2,024తో భాగిస్తే 3.08. ముగ్గురు కావాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. అదే గదిలో సీఆర్ ఉంటే క్యాసెట్ పట్టుకెళ్లి రీడర్‌లో పెట్టి తేవడానికి మనిషికి 2 నిమిషాలు అదనం అనుకుందాం. 155 మందికి 310 నిమిషాలు. అదే దారిలో లెక్కేస్తే 0.9 మనిషి. అంటే డీఆర్ పెడితే దాదాపు ఒక మనిషి మిగిలినట్టే. ఇక్కడి దాకా మీరన్నది సరే. కానీ ఫొటో పది సెకన్లలో వస్తోందని తెలిశాక ఓపీ నుంచి పంపడం పెరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రేలు 90 నుంచి 150 అయితే 240 నిమిషాలు అదనం. అది 0.7 మనిషి. మిగిలింది మళ్లీ పోయింది.

సందేహాలబుట్ట · సోమవారం, రాత్రి 8:10

సరే అండీ, 0.2 నా ఖాతాలో వేసుకుంటా.

లెక్కలపద్దు · సోమవారం, రాత్రి 9:44

షిఫ్ట్‌చార్ట్ గారి లెక్కకు రెండు చేర్పులు. ఆ గది రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ బాధ్యత కూడా ఈ ముగ్గురిలో ఒకరి మీదే ఉందనుకోండి. టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచేవి) మూడు నెలలకోసారి పంపడం, ఈలోరాలో (అణుశక్తి నియంత్రణ మండలి ఆన్‌లైన్ పోర్టల్) కాగితాలు, రెండేళ్లకోసారి మిషన్‌కు క్యూఏ (నాణ్యత) పరీక్ష చేయించడం. వారానికి 4 గంటలైతే ఏడాదికి 208. అది 0.10. మొత్తం 3.18. విస్న్ నియమం ప్రకారం 3.3 వరకు ముగ్గురే, దాటితే నలుగురు. చిన్న సంఖ్యల్లో పైకి తొందరగా పోతుంది: 1.1 దాటితే చాలు ఇద్దరు, 2.2 దాటితే ముగ్గురు.

రెండోది 24 గంటల గది. ఇక్కడ పేషెంట్ల లెక్క పనికిరాదు. రాత్రి రెండింటికి ఒక్కరే వచ్చినా మనిషి ఉండాలి. 24 గంటలు, 365 రోజులు, మొత్తం 8,760 గంటలు. 2,024తో భాగిస్తే 4.33. అంటే ఒక క్యాజువాలిటీ ఎక్స్‌రే గది తలుపు తెరిచి ఉంచడానికే నలుగురు చాలరు, అయిదో మనిషి కావాలి. "మూడు షిఫ్టులు, ముగ్గురు" అని మంజూరు చేసిన చోట వారపు సెలవు రోజున ఎవరో ఒకరు 16 గంటలు నిలబడుతున్నారన్నమాట. ఇది ఖాళీల పట్టికలో ఎప్పటికీ కనబడదు. ముగ్గురికి ముగ్గురూ ఉన్నారు కాబట్టి ఖాళీ సున్నా.

లెస్టర్‌లోతెలుగు · మంగళవారం, తెల్లవారుజామున 3:18

ఇంగ్లండ్ పేరాకు నా వంతు. ఇక్కడ వేకెన్సీ రేటు అంటే ఖాళీలను మంజూరైన మొత్తంతో, అంటే పనిలో ఉన్నవారు, ఖాళీలు కలిపిన దానితో భాగిస్తారు. 40 మంది పనిలో ఉండి 6 ఖాళీలుంటే 46తో భాగించాలి, 13 శాతం. 40తో భాగించి 15 అనొద్దు. ఇంకోటి, ఆ 40 తలకాయలు కావు, ఫుల్‌టైమ్ సమానం. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) పూర్తి వారం 37.5 గంటలు. వారానికి రెండు రోజులు చేసే ఆవిడ 0.4. పార్ట్‌టైమ్ పెరిగే కొద్దీ తలల సంఖ్య పైకి పోతుంది, గంటలు అక్కడే ఉంటాయి. మన 48 గంటల వారంతో పోల్చాలంటే: ఇక్కడి 40 మంది అంటే వారానికి 1,500 గంటలు, మన లెక్కలో 31 మంది చిల్లర.

పట్టుకోవాల్సిన మలుపులు కొన్ని. 1990ల్లో డిప్లొమా పోయి డిగ్రీ వచ్చింది. అదే దశాబ్దంలో రేడియోగ్రాఫర్లు రిపోర్టులు రాయడం మొదలైంది. 2003 నుంచి రిజిస్టరు ఇప్పటి హెచ్‌సీపీసీ అనే నియంత్రణ మండలి చేతిలో ఉంది (అప్పట్లో పేరు హెచ్‌పీసీ). 2017లో ఇంగ్లండ్‌లో కొత్త విద్యార్థులకు ఎన్‌హెచ్‌ఎస్ బర్సరీ (చదువు భత్యం) ఆపేశారు, 2020లో ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు పెట్టారు. అదే 2020లో రోగనిర్ధారణ సేవల మీద సర్ మైక్ రిచర్డ్స్ ఇచ్చిన నివేదిక ఇంకో 4,000 మంది రేడియోగ్రాఫర్లు, 2,000 మంది రేడియాలజిస్టులు కావాలంది. అదే ఏడు ఆగస్టులో హెల్త్ అండ్ కేర్ వీసా తెరిచారు. మన హైదరాబాద్, విజయవాడ పిల్లలు ఇటు రావడం ఆ తర్వాతే ఊపందుకుంది.

హెచ్‌సీపీసీ రిజిస్టరులో ఉన్న సంఖ్యను "పనిచేస్తున్నవారు" అని రాయకండి. అందులో డయాగ్నస్టిక్ (ఎక్స్‌రే, స్కాన్ తీసేవాళ్లు), థెరప్యూటిక్ (రేడియేషన్ చికిత్స ఇచ్చేవాళ్లు) రెండూ కలిసి ఉంటాయి. దేశం వదిలి వెళ్లినవాళ్లు, కొలువు దొరక్క ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా రెన్యువల్ దాకా అందులో ఉంటారు.

నల్లమలనీడ · మంగళవారం, ఉదయం 8:50

లెస్టర్ గారూ, ఒక అభ్యంతరం. అక్కడి లెక్కలో సోనోగ్రాఫర్లు (అల్ట్రాసౌండ్ చేసేవాళ్లు) కూడా ఉంటారు కదా? మన దగ్గర పీసీ పీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం వల్ల గర్భిణికి ప్రోబ్ పట్టుకునేది డాక్టరే. ఆ పనే లేని చోట, ఆ పని ఉన్న చోట జనాభాకు ఎంతమంది అని పోలిస్తే మనకు కొరత లేనిదాన్ని ఉన్నట్టు చూపించినట్టవుతుంది.

లెస్టర్‌లోతెలుగు · మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఒప్పుకుంటా. ఇక్కడ సోనోగ్రాఫర్లలో ఎక్కువమంది రేడియోగ్రఫీ నుంచి పీజీ చేసి వచ్చినవాళ్లే. సోనోగ్రాఫర్ అన్న పేరుకు ఇక్కడ చట్టరక్షణ కూడా లేదు, కాబట్టి చాలామంది రేడియోగ్రాఫర్‌గానే రిజిస్టరై ఉంటారు. జనాభా నిష్పత్తి పెట్టొద్దు. పెట్టాలనుకుంటే సీటీ, ఎమ్మారై, ప్లెయిన్ ఎక్స్‌రే గదులు మాత్రం తీసుకుని గదికి ఎంతమంది అని చూడండి.

అంకెలగుట్ట · మంగళవారం, మధ్యాహ్నం 3:15

జాతీయ కార్మిక సర్వే నుంచి లాగుదామని ఎవరికైనా అనిపిస్తే ముందే చెబుతున్నా, కుదరదు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో వృత్తి కోడ్ మూడంకెల దాకే ఉంటుంది. ఎన్‌సీఓ (జాతీయ వృత్తుల వర్గీకరణ) 2015లో 321 అంటే ఇమేజింగ్ టెక్నీషియన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసీ అసిస్టెంట్లు, కృత్రిమ అవయవాలు, కట్టుడు పళ్లు చేసేవాళ్లు అందరూ ఒకే బుట్ట. నాలుగో అంకె ఉంటే 3211 అని విడిపోయేది. అప్పుడు కూడా రేడియోథెరపీ మిషన్ నడిపేవాళ్లు కలిసే ఉంటారు. పాత ఎన్‌సీఓ 2004లోనైతే మనవాళ్లు 313లో, ఫొటోగ్రాఫర్లు, ప్రసార పరికరాల ఆపరేటర్ల పక్కన కూర్చున్నారు! 313 నుంచి 321కి మారిన ఏడాది గ్రాఫ్‌లో పెద్ద గెంతు కనిపిస్తుంది. ఎవరినీ కొత్తగా ఉద్యోగంలోకి తీసుకోలేదు, కోడ్ మారింది.

బ్రిటన్‌లో కూడా ఇదే కథ, దిశ వేరు. వాళ్ల 2000 వర్గీకరణలో రేడియోగ్రాఫర్ 3214, అంటే సహాయక వృత్తి. 2010లో 2217, వృత్తినిపుణుల గుంపులోకి ఎక్కించారు. 2020లో 2254. అదే మనిషి అంతర్జాతీయ వర్గీకరణలో ఇప్పటికీ 3తో మొదలయ్యే టెక్నీషియనే.

మన దగ్గర దీన్ని సరిచేయగలిగింది 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం. రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉంటే అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్, డిగ్రీ స్థాయిలో 3,600 గంటలుంటే హెల్త్‌కేర్ ప్రొఫెషనల్. రిజిస్టరు పూర్తిగా నిండితేనే మనకూ తలల లెక్క వస్తుంది.

డీఎంఐటీబ్యాచ్ · మంగళవారం, రాత్రి 7:02

టీఎల్‌డీ లెక్క వాడుకోవచ్చు కదన్నా? బ్యాడ్జి లేకుండా ఎవరూ గదిలో ఉండకూడదు కదా, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల డోస్ రిజిస్టరులో అందరి పేర్లూ ఉంటాయి.

లెక్కలపద్దు · మంగళవారం, రాత్రి 7:40

ఆలోచన మంచిదే గానీ మూడు చిక్కులు తమ్ముడూ. క్యాథ్‌ల్యాబ్ డాక్టర్లు, నర్సులు, సీ ఆర్మ్ దగ్గర ఉండే ఆపరేషన్ థియేటర్ సిబ్బంది కూడా బ్యాడ్జి పెట్టుకుంటారు. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట చేసేవాడికి రెండు బ్యాడ్జీలు. అసలు బ్యాడ్జీలే తీసుకోని చిన్న సెంటర్లు మూడో చిక్కు. మొదటి రెండూ లెక్కను ఉబ్బిస్తాయి, మూడోది కుదిస్తుంది. ఏది ఎంతో తెలియనప్పుడు అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనుకోవడం ప్రమాదం.

డీఎంఐటీబ్యాచ్ · మంగళవారం, రాత్రి 8:26

అర్థమైంది. నోట్‌లో ఇంకో విషయం పెట్టాలి. ఖాళీ పోస్టు నిండినా అందులోకి ఎవరొస్తున్నారో చూడండి. ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు నోటిఫికేషన్లలో పరీక్ష లేదు. డిప్లొమా మార్కులకు 75, పాసైన తర్వాత గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, కాంట్రాక్టు లేదా కోవిడ్ సేవకు 15 వరకు. సేవలో ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, పల్లెలో 2, పట్టణంలో 1.

లెక్క వేయండి. 90 శాతం తెచ్చుకున్న కొత్త అభ్యర్థికి 67.5, మిగతావి సున్నా. 65 శాతం వచ్చి, పదేళ్ల కింద పాసై, పల్లెలో మూడేళ్లు చేసినవారికి 48.75, 10, 12 కలిపి 70.75. అనుభవానికి విలువ ఇవ్వాల్సిందే, కాదనడం లేదు. కానీ కొత్త బ్యాచ్ లోపలికి రావాలంటే దాదాపు 95 శాతం కావాలి. అందుకే ప్రభుత్వంలో చేరేవాళ్ల సగటు వయసు పైకి పోతుంది, కొత్తవాళ్లు ప్రైవేటులోనో, గల్ఫ్‌లోనో తేలతారు.

లెస్టర్‌లోతెలుగు · బుధవారం, తెల్లవారుజామున 2:55

బయటికి వచ్చేవాళ్ల గురించి ఒక్క మాట. గల్ఫ్‌కు డేటాఫ్లో పరిశీలన (సర్టిఫికెట్ల తనిఖీ), ప్రొమెట్రిక్ (లైసెన్సు కోసం కంప్యూటర్ మీద రాసే) పరీక్ష. ఇక్కడికి హెచ్‌సీపీసీ. డేటాఫ్లోలో దెబ్బతినేది ఎక్కువగా అనుభవ పత్రం దగ్గరే: సెంటర్ పేరు మారి ఉంటుంది, ఫోనెత్తేవారుండరు, చేరిన తేదీ పీఎఫ్ తేదీతో కలవదు. హెచ్‌సీపీసీ దగ్గర ఇంగ్లిష్ పరీక్షకు ఐఈఎల్‌టీఎస్ 7.0, ఏ భాగంలోనూ 6.5 తగ్గకూడదు. అది దాటినా కోర్సు వివరాల కాగితం దగ్గర ఆగిపోతారు. కాలేజీ వాళ్లు "ప్రాక్టికల్స్ 1,200 గంటలు" అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. సీటీ ఎన్ని, మొబైల్ ఎన్ని, థియేటర్ ఎన్ని అని విడగొట్టకపోతే ప్రశ్నలు తిరిగొస్తాయి. రెండేళ్ల డిప్లొమా కన్నా మూడేళ్ల డిగ్రీ, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్లకే దారి సులువు. అంటే వలస పోయేది డిగ్రీ వాళ్లు, మిగిలేది డిప్లొమా వాళ్లు. మీ నోట్‌లో ఈ రెంటినీ ఒకే గీతలో కలపకండి.

సందేహాలబుట్ట · బుధవారం, ఉదయం 9:20

ఏఐ వచ్చేసింది, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే వచ్చేసింది. ఇంకా ఎవరూ ఎత్తలేదేం?

షిఫ్ట్‌చార్ట్ · బుధవారం, ఉదయం 11:08

ఎత్తాల్సినంత లేదు గనక. టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రే చదివే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 ఏళ్లు దాటినవాళ్లకు సిఫారసు చేసింది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ శిబిరాల్లో చేతి మిషన్లతో కలిపి వాడారు. అది చదివే పని తగ్గిస్తుంది, తీసే పని పెంచుతుంది. ఊళ్లోకి మిషన్ వెళ్తే దాంతో మనిషీ వెళ్లాలి. ఆ రోజు సీహెచ్‌సీ గదిలో ఎవరుంటారన్నదే ప్రశ్న. ఒక్కరే ఉన్న చోట గది మూతే.

గోదావరిగట్టు · బుధవారం, సాయంత్రం 5:47

మొదటి చిత్తుప్రతి చింపేశా. ఇప్పుడు ఇలా అనుకుంటున్నా. ఒకటో పట్టిక: రెండు రాష్ట్రాలు కూడిన సీహెచ్‌సీ అంకెలు, 2005, 2014, తాజా ఏడు, మంజూరు, పనిలో ఉన్నవారు మాత్రమే. రెండో పట్టిక: మా జిల్లాలో 24 గంటలు తెరిచే గదులు, ఒక్కోదానికి 4.33 చొప్పున కావాల్సినవారు, పక్కన ఉన్నవారు, రెగ్యులర్, కాంట్రాక్టు, ఏజెన్సీ విడివిడిగా. ఇంగ్లండ్‌కు ఒక పేరా, జనాభా నిష్పత్తి లేకుండా.

లెక్కలపద్దు · బుధవారం, సాయంత్రం 6:15

బాగుంది. రెండో పట్టికలో తేదీ రాయడం మరవకండి. రూరల్ హెల్త్ పుస్తకం అంకెలు మార్చి 31 నాటివి. ఇప్పుడు దాని పేరు హెల్త్ డైనమిక్స్ ఆఫ్ ఇండియా, ఆ పేరుతో వెతకండి. కాంట్రాక్టుల రెన్యువల్ కూడా మార్చి చివరే. ఏప్రిల్ మొదటి వారంలో గదులు లెక్కపెడితే ఆర్డరు చేతికి రాని వాళ్లంతా ఖాళీల్లో పడతారు. జూన్‌లో తిరగండి.